గొట్టం కింద చెక్కముక్క

ఆ యేడు మొక్కజొన్న కంకి పాలుపోసుకునే వేళకి అడవి పందులు గుంపులు గుంపులుగా చేల మీద పడ్డాయి. రైతులు అటవీశాఖ ఆఫీసుకి వెళ్లి మొరపెట్టుకున్నారు. ఆఫీసు వాళ్లు, ఊళ్లో తుపాకులు పెట్టుకుని పనిలేకుండా కూర్చున్నవాళ్లెవరా అని వెతికి, మా మామగారి రైఫిల్ క్లబ్బుకి అనుమతి ఇచ్చారు. కోతలయ్యేదాకా సభ్యులు పందుల్ని కాల్చవచ్చు. అంతే, అప్పటిదాకా కాగితం మీద నల్లచుక్కల్ని చంపుతూ వచ్చిన మగాళ్లందరికీ కొత్తగా మీసాలు మొలిచాయి.

ఆ సీజన్ తలుచుకుంటే నాకు ఇప్పటికీ వెగటు పుడుతుంది. పందుల వల్ల కాదు. అవి పాపం పందుల్లాగే ఉన్నాయి.

మామగారు ఆ క్లబ్బుకి అధ్యక్షులు. మా ఆయన ఛాంపియన్. హాల్లో ఒక గోడ మొత్తం ఆయన కప్పులే. వాటి దుమ్ము దులపడం నా వంతు. మా నాన్న తుపాకులు బాగుచేసే మనిషి. బస్టాండు వెనక సందులో ఒకటే గది, అందులో ఒక పనిబల్ల, గోడకి చట్రం కట్టించిన లైసెన్సు. క్లబ్బు తుపాకులన్నీ నాన్న చేతి మీదుగా పోవలసిందే. ఆయన గొట్టం మీద గురిచూసే సైటు సరిచేశాక, కాల్చి చూసి 'ఊఁ' అనేది నేను. పెళ్లయ్యాక కూడా ఆ పని మానలేదు. అధ్యక్షులవారి కోడలు కదా అని ఎవరూ వంక పెట్టలేదు.

తుపాకీకి గారాబం ఎక్కువని నాన్న అనేవాడు. అదే తుపాకీ, అదే తూటా, కాల్చేదీ అదే మనిషి. బల్ల మీద ఇసుక సంచి పెట్టి, గొట్టం కింద తుపాకీకే అమర్చి ఉండే చెక్కని దాని మీద మెత్తగా ఆనించి కాలిస్తే ఒకచోట తగులుతుంది. బోర్లా పడుకుని తోలుపట్టీ మోచేతికి బిగించి కాలిస్తే కాస్త పక్కన. గొట్టాన్నే తీసుకెళ్లి ఏ ఇనుము మీదో, కొయ్య మీదో పెట్టారా, కాలగానే అది ఎగిరి పడుతుంది, తూటా గురికి పైన పోతుంది. ఇదేమీ మా నాన్న కనిపెట్టిన రహస్యం కాదు. 'గొట్టాన్ని గట్టి వస్తువుకి ఆనించరాదు' అని క్లబ్బు గోడ మీద ఎర్రరంగుతో రాసే ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజు చెప్పే పాఠమే అది.

ఒకరోజు పొద్దు వాలుతుండగా మా ఆయనా నేనూ జీపులో చేలవైపు వెళ్లాం. నా చేతిలో బైనాక్యులర్స్, ఆయన చేతిలో తుపాకీ, నెత్తిన కొత్త టోపీ. ముందురోజు వానకి నేలంతా బురదగా ఉంది. కిందికి దిగి మోకాలి మీద కూర్చుని కాల్చవలసిన మనిషి, ప్యాంటు పాడవుతుందని జీపు వెనకభాగంలోనే నిలబడ్డాడు. పట్టుకోవడానికి అక్కడ ఒక ఇనుప కమ్మి ఉంది. తుపాకీ గొట్టాన్ని తిన్నగా దాని మీద పెట్టాడు.

"ఏమండీ, గొట్టం కమ్మి మీద పెట్టారు. దుప్పటి మడిచిస్తాను, చెక్క కింద వేసుకోండి," అన్నాను.

"ఛాంపియన్ నువ్వా, నేనా?"

"మీరే."

"మరైతే నోరు మూసుకుని పంది ఎటుందో చూడు."

పంది కనబడింది. గట్టుకి ఇవతల, మాకు పక్కకి తిరిగి, కంకులు విరుచుకు తింటోంది. ఆయన కాల్చాడు. పంది ఒక్క దూకు దూకి చేలో మాయమైంది. గట్టు మీంచి మనిషి కేక వినబడింది.

తూటా దాని వీపు మీదుగా జానెడు ఎత్తున పోయింది. గురి పెట్టినచోట తగిలుంటే పందిలో ఆగేది, లేదా వెనకున్న గట్టు మట్టిలో కూరుకునేది. పైకి పోబట్టి, మొక్కజొన్న చాటు నుంచి అప్పుడే గట్టెక్కిన కాపలా మనిషి తొడలో దిగింది. నేను పరుగెత్తి దుప్పటి చింపి కట్టుకట్టాను. ఇద్దరం మోసుకొచ్చి జీపెక్కించబోతే మా ఆయన అన్న మొదటి మాట, "కింద పడుకోబెట్టు, సీటు పాడవుతుంది."

దారిలో ఆ మనిషి కళ్లు తెరిచి, "పంది పడిందా బాబూ?" అని అడిగాడు.

"ఎక్కడా, తప్పించుకుంది," అన్నాడు మా ఆయన నిజంగా బాధపడుతూ.

ఆ బాధ చూసి నాకు పుట్టిన రోత ఇంతా అంతా కాదు. ఏడేళ్లుగా ఒకే కంచం దగ్గర కూర్చుంటున్న మనిషి ఇతనేనా అనిపించింది. మర్నాడు పొద్దున ఆస్పత్రిలో కాపలా మనిషి కాలు తొడ వరకు తీసేశారు.

అదే రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఇంట్లో పంచాయితీ జరిగింది. తుపాకీని ఆఫీసు వాళ్లు సీలు వేసి పట్టుకుపోయారు, విచారణకి అధికారిని వేశారు. మా ఆయన శుభ్రంగా, ఏ లోటూ లేకుండా తింటున్నాడు. మారు వడ్డించమని కంచం చూపించాడు కూడా.

"సైటు పక్కకి పోయుంటుంది నాన్నా. నా గురి తప్పడమేంటి?" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే.

"అవునవును," అన్నారు మామగారు, అప్పుడే గుర్తొచ్చినట్టు. "సైటు పెట్టింది మనవాడు కాదుగా."

సైటు పెట్టింది మా నాన్న. అది ఆ బల్ల చుట్టూ ఉన్న నలుగురికీ తెలుసు. తప్పు సైటుదని తేలితే నాన్న లైసెన్సు తీసేస్తారు, గదికి తాళం పడుతుంది. ఆ వయసులో ఆయనకి ఇంకో పని రాదు, ఇంకొకడు ఇవ్వడు.

"సైటు బాగానే ఉంది మామయ్యగారూ. పరీక్షించింది నేనే. ఆయన గొట్టాన్ని కమ్మి మీద పెట్టి కాల్చారు. నేను చెప్పాను కూడా," అన్నాను.

"నువ్వు బైనాక్యులర్స్‌లో పందిని చూస్తున్నావు. నన్నెప్పుడు చూశావు?" అన్నాడు మా ఆయన, నమలడం ఆపకుండా.

అత్తగారు నా కంచంలోకి ఇంకాస్త వడ్డిస్తూ, "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా? కాలు పోయినవాడే కిక్కురుమనట్లేదు," అంది.

"అంతే కదా," అన్నారు మామగారు చాలా మెత్తగా. "బయటివాళ్లు చూస్తే సాక్ష్యమవుతుంది తల్లీ. ఇంట్లోవాళ్లు చూసింది సంసారం. అది ఇంట్లోనే ఉండాలి."

నేను కంచంలో చెయ్యి కడుక్కుని లేచాను.  వెనక నుంచి మా ఆయన ఉప్పు అడగడం వినబడింది.

సాయంత్రం నాన్న గదికి వెళ్లాను. ఆయన పనిబల్ల దగ్గర ఖాళీగా కూర్చుని ఉన్నాడు. ఖాళీగా కూర్చున్న నాన్నని నేను అంతకు ముందు చూడలేదు.

"బావగారు వచ్చి వెళ్లారు," అన్నాడు, మా మామగారి గురించి.

"ఏమన్నారు?"

"ఏముంది, మర్యాదగానే మాట్లాడారు. అధికారి ముందు, క్లబ్బు వాళ్లు కాల్చే రేంజిలో పరీక్ష పెడతారట. తుపాకీ ఏం చెబితే అదే."

"అయితే భయం లేదు. నడిమధ్యన కొడుతుంది."

నాన్న మాట మార్చాడు. "ఇంట్లో నువ్వేం మాట్లాడలేదు కదే?" అని అడిగాడు. మాట్లాడానన్నాను. తల పట్టుకున్నాడు. "నీకు నాలుక కుదురుగా ఉండదు. మీ అమ్మా అంతే. సరే, పరీక్ష రోజు నువ్వు రాకు."

"నేను రాకపోతే ఎలా? పరీక్షించింది నేను కదా."

"అందుకే రావద్దంటున్నా."

భయపడుతున్నాడనుకున్నాను. పిచ్చిదాన్ని, ఎందుకు భయపడుతున్నాడో ఆలోచించలేదు.

పరీక్ష రోజు రేంజిలో కుర్చీలు వేశారు. ఏదో పోటీ చూడటానికి వచ్చినట్టు క్లబ్బు సభ్యులంతా తెల్లచొక్కాల్లో వచ్చారు. విచారణకి వచ్చిన అధికారి అదివరకు కాలవల తగాదాలు చూసిన మనిషట. తుపాకీ చప్పుడంటే భయమని తనే చెప్పి, చెవుల్లో దూది పెట్టుకున్నాడు. నాన్న ఒక మూల స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. మా ఆయన ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

అందరి ముందూ సీలు విప్పారు. క్లబ్బు కార్యదర్శి బల్ల దగ్గర కూర్చున్నాడు. చెయ్యి వణకని మనిషని ఆయనకి పేరు. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ కప్పిన ఆసరా ఒకటి ఉంది. తుపాకీని దాని మీద పెట్టి, తీరుబడిగా మూడుసార్లు కాల్చాడు. టార్గెట్ కాగితం తెచ్చి చూపించారు. మూడు చిల్లులూ నల్లచుక్కకి బాగా పైన, పక్కపక్కనే పడ్డాయి.

"చూశారుగా. చెయ్యి తేడా అయితే చెల్లాచెదురుగా పడాలి. మూడూ ఒకేచోట పడ్డాయంటే చెయ్యి మంచిదే, సైటే తప్పు," అన్నారు మామగారు. అధికారి తలూపి రాసుకున్నాడు.

నేను కాగితం చూడలేదు. బల్ల వైపే చూస్తున్నాను. ఇసుక సంచి అయితే తుపాకీ పెట్టగానే కాస్త కుంగాలి. ఆ ఆకుపచ్చ గుడ్డ కుంగలేదు. పైగా అది ఉండవలసిన చోట లేదు. తుపాకీ చెక్కని దాటి, ఇంకా ముందుకి, ఉత్త గొట్టం కిందికి జరిపి ఉంది.

చుట్టూ చూశాను. ఎవరైనా ఏదైనా అంటారేమోనని. ఆ తెల్లచొక్కాల్లో ఈ సంగతి తెలియనివాడు ఒక్కడు లేడు. కొత్తవాళ్లకి మొదటి పాఠంగా చెప్పేది వాళ్లే. వెనక గోడ మీద ఎర్ర అక్షరాలు చేటంతేసి ఉన్నాయి. ఒకాయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఒకాయన ఆకాశం చూసి వాన వస్తుందేమో అన్నాడు. తప్పు చేసినవాడి మీదకన్నా ఆ వాన సంగతి ఎత్తినవాడి మీద నాకు ఎక్కువ అసహ్యం వేసింది.

లేచి ముందుకి వెళ్లాను. "అయ్యా, ఈ తుపాకీ సైటు పెట్టాక పరీక్షగా కాల్చింది నేనే. నన్ను కూడా ఒకసారి కాల్చనివ్వండి."

"అమ్మాయ్," అన్నారు మామగారు.

"కాల్చనివ్వండి, పోయేదేముంది," అన్నాడు అధికారి, దూది ఇంకాస్త లోపలికి నొక్కుకుంటూ.

బల్ల దగ్గర కూర్చుని ఆకుపచ్చ గుడ్డ తీశాను. కింద చెక్కముక్క ఉంది. గట్టి కొయ్య. పైన గొట్టం కూర్చునేందుకు గాడి తీసి ఉంది. వేలు పెట్టి చూశాను. అంచుల్లో ఒక్క పీచు లేదు, నున్నగా ఉంది. గాడి ఈ తుపాకీ గొట్టానికి కొలతపెట్టి తీసినట్టు సరిపోయింది. చివర్లలో పదును తగలకుండా మూలలు కొంచెం గుండ్రం చేసి ఉన్నాయి. ఆ ఊళ్లో చెక్క మూలల్ని అలా గుండ్రం చేసే చెయ్యి ఒక్కటే ఉంది. చిన్నప్పుడు నాకు బొమ్మలు చేసిచ్చిందీ ఆ చెయ్యే.

స్తంభం వైపు చూశాను. నాన్న నేల చూస్తున్నాడు.

ఆ చెక్కముక్క తీసి పక్కన పెట్టాను. మూలనున్న ఇసుక సంచి తెచ్చుకుని, తుపాకీ చెక్కని దాని మీద ఆనించి, మూడుసార్లు కాల్చాను. కాగితం తెచ్చారు. మూడూ నల్లచుక్కలో ఉన్నాయి.

అధికారి రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇదేంటమ్మా? అదే తుపాకీ కదా?"

"అదే తుపాకీ అండి. ఇప్పుడు మళ్లీ ఆ చెక్కముక్క మీద పెట్టి కాలుస్తాను, చూడండి."

కాల్చాను. మళ్లీ పైన పడ్డాయి.

"గొట్టం గట్టిదాని మీద ఆనితే ఎగురుతుంది. ఆరోజు మా ఆయన దాన్ని జీపు ఇనుప కమ్మి మీద పెట్టి కాల్చారు. నేను పక్కనే ఉన్నాను. వద్దని చెప్పాను."

అధికారి సభ్యుల వైపు తిరిగాడు. "ఈవిడ చెప్పేది నిజమేనా?"

 చివరికి కళ్లద్దాల పెద్దమనిషి గొంతు సవరించుకుని, "నిజమేనండి. అది అందరికీ తెలిసిందే," అన్నాడు.

"తెలిస్తే ఇందాక చెప్పలేదేం?"

"మమ్మల్నెవరూ అడగలేదుగా."

అధికారి రాసుకున్నది కొట్టేసి మళ్లీ రాశాడు. నా మాటల్ని నా చేతే రాయించి సంతకం పెట్టించుకున్నాడు. నాన్న లైసెన్సు నాన్నకి ఉంది. మా ఆయన మీద కేసు కట్టారు. అదంతా టీ చల్లారేలోపు అయిపోయింది.

బయట జీపు దగ్గర మా ఆయన తాళంచెవులు తిప్పుతూ నిలబడి ఉన్నాడు. కోపం కూడా లేదు ఆ మొహంలో. "తూటాల గుంపు బాగా తెచ్చావ్. మూడూ ఒకే చిల్లులో ఉన్నాయి," అన్నాడు, పోటీలో ఓడిపోయినవాడు చెప్పినట్టు. "ఎక్కు, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం." అతనికి ఆరోజు పంది తప్పింది, ఇవాళ పందెం పోయింది, అంతే. మధ్యలో ఒకడి కాలు పోయిన సంగతి లెక్కలోనే లేదు.

నేను కదలలేదు. ఈలోగా నాన్న గబగబా వచ్చాడు. వచ్చి, జీపు తలుపు తెరిచి, నా జబ్బ పట్టుకున్నాడు.

"ఎక్కవే. బావగారి కాళ్లు నేను పట్టుకుంటాను. ముందు నువ్వెక్కు."

"ఆ చెక్క నువ్వు చేశావు నాన్నా."

"చేశాను. అయితే ఏంటి? నా లైసెన్సు పోతే క్లబ్బులో టార్గెట్లు అతికించే పని ఇప్పిస్తానన్నారు. అది నాకు చాలు. నీ మొగుడు జైలుకి పోతే నువ్వేమవుతావే? నీ కోసమే కదా చేశాను!"

"మేమంతా నీ కోసమే చూశాం తల్లీ," అన్నారు వెనకే వచ్చిన మామగారు, నెమ్మదిగా. "ఇల్లు నిలబడాలనే."

ఒకడు కాల్చి, ఒకరు కప్పిపుచ్చి, ఒకరు చెక్క చెక్కి, నలభై మంది ఆకాశం చూశారు. ఆస్పత్రిలో ఒంటికాలితో పడున్నవాడి కోసం ఎవరూ ఏమీ చెయ్యలేదు. చేసిందంతా నా కోసమట.  గోడ పక్కకి వెళ్లి, పొద్దున తాగిన కాఫీ అంతా కక్కేశాను. నాన్న వీపు రాయబోయాడు.

"తాకకు," అన్నాను.

"ఎవరికోసమే ఇదంతా? నాకు లైసెన్సు కావాలని నిన్నడిగానా?" అని నాన్న ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ఆ ఏడుపు చూస్తే జాలి వెయ్యాలి, వేసింది కూడా. కానీ జీపు తలుపు మీద నుంచి ఆయన రెండో చెయ్యి మాత్రం తియ్యలేదు. నేను ఎక్కుతానని ఇంకా పట్టుకునే ఉన్నాడు.

నేను గేటు దాటి నడిచి, వచ్చిన బస్సెక్కాను. అది ఎటు పోతోందో ఎక్కాక అడిగాను.

ఆ సీజన్ ముగియకుండానే క్లబ్బు వాళ్లు మళ్లీ తుపాకులు తెచ్చి నాన్నకే ఇచ్చారని, నాన్న తీసుకున్నాడని తెలిసింది. ఆడదానికి పుట్టిల్లనీ మెట్టినిల్లనీ రెండుంటాయంటారు. కోతలయ్యేసరికి నాకు రెండూ లేవు. బస్సు దింపిన ఊళ్లో, రోడ్డు వైపు కిటికీ ఉన్న అద్దెగదిలో ఒకరోజు నేను వండుకుని, చాలా రోజుల తర్వాత, వెగటు లేకుండా కడుపునిండా తిన్నాను.